వాక్యూమ్ కాన్పు తర్వాత పాప తలమీద గడ్డ: అంచు గట్టిపడుతోందని భయపడుతున్న తల్లికి

అడిగింది క్లుప్తంగా ఇది. తొలి కాన్పు. నొప్పులు చాలాసేపు పడ్డాక చివరకు వాక్యూమ్ (బిడ్డ తలకు కప్పు అంటించి గుంజే పరికరం) పెట్టి బిడ్డను తీశారు. పాప బరువు 3.1 కిలోలు. పుట్టిన మర్నాడు తల కుడివైపు, చెవికి పైన, నిమ్మకాయంత మెత్తటి గడ్డ తేలింది. డాక్టరు చూసి "రక్తం గడ్డ, అదే పోతుంది" అన్నారు. ఇవాళ్టికి 19 రోజులు, ఇంకా పోలేదు. పైగా చుట్టూ అంచు గట్టిగా తగులుతోంది, మధ్యలో వేలు పెడితే గుంటలా ఉంది. అమ్మమ్మ ఆముదం రాసి రోజూ నొక్కితే కరిగిపోతుందంటోంది. తెలిసినవాళ్ళు సూదితో లాగించేయమంటున్నారు. ఎముక విరిగిందా? మెదడుకేమైనా అవుతుందా?

ముందు మీ రెండు ప్రశ్నలకూ జవాబు. మీరు చెప్పిన గుర్తులు, అంటే వాక్యూమ్ కాన్పు, గడ్డ పుట్టగానే కాక మర్నాడు తేలడం, తలకు ఒక పక్కనే ఉండడం, మూడో వారంలో అంచు గట్టిపడడం, సెఫలోహెమటోమా అనే రక్తపు గడ్డకు అచ్చంగా సరిపోతున్నాయి. అంచు గట్టిపడడం చెడ్డ గుర్తు కాదు. అది మానుతున్న తీరే అది. మధ్యలో తగిలే గుంట చాలావరకు వేలికి కలిగే భ్రమ, ఎందుకో కింద చెబుతాను. ఈ గడ్డ మెదడు మీద ఒత్తిడి పెట్టదు, పాప తెలివితేటలకూ ఎదుగుదలకూ అడ్డం రాదు. నొక్కకండి, నొక్కనివ్వకండి. సూదితో అసలు లాగించకండి. ఈ వారంలో ఒకసారి పిల్లల డాక్టరు చేత తడిమి చూపించండి. గడ్డ కరిగించడానికి మందు రాయించుకోవాలని కాదు, కామెర్లూ రక్తహీనతా లేవని రూఢి చేసుకోవడానికి.

ఇది ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. తలమీద చర్మం, దాని కింద పల్చగా కొవ్వు, ఆ కింద నుదుటి నుంచి మెడ దాకా టోపీలా పరుచుకున్న ఒక గట్టి పొర ఉంటాయి. దాని కింద ఎముకను అంటిపెట్టుకుని మరో పల్చని పొర, ఆ తర్వాతే ఎముక. ఈ ఎముకను అంటుకున్న పొరకు పెరియోస్టియం అని పేరు. కోడిగుడ్డు పెంకు లోపలి వైపు పొర ఎలా అతుక్కుని ఉంటుందో, ఇది ఎముక పైవైపు అలా అతుక్కుని ఉంటుంది. కాన్పులో తల ఇరుకుదారిలో చాలాసేపు నలిగినా, వాక్యూమ్ కప్పు గుంజినా, ఈ పొర ఒకచోట ఎముక నుంచి కాస్త లేస్తుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు తెగి, రక్తం బొట్టు బొట్టుగా ఊరుతూ ఆ సందులో చేరుతుంది. ఊరడం నిదానం కనుకనే గడ్డ పుట్టగానే కనబడదు. కొన్ని గంటల తర్వాతో మర్నాడో తేలి, రెండు మూడు రోజుల దాకా పెరుగుతుంది. రక్తం అంత లోతున ఉంది కాబట్టే పైన చర్మం నల్లబడకుండా మామూలుగానే ఉంటుంది.

పసిబిడ్డ పుర్రె ఒకే ముక్క కాదు. కొన్ని పలకలు అతుకుల దగ్గర కలిసి ఉంటాయి. పెరియోస్టియం ఆ అతుకుల దగ్గర గట్టిగా బిగిసి ఉంటుంది, అందువల్ల రక్తం ఒక పలక దాటి పక్క పలక మీదికి పోలేదు. ఈ గడ్డను గుర్తుపట్టడానికి అన్నిటికంటే నమ్మదగ్గ ఆనవాలు ఇదే. నడినెత్తిన మాడు నుంచి పెడతల వైపు మధ్యగీత వెంట వేలు మెల్లగా జరపండి. గడ్డ ఆ గీత దగ్గర ఆగిపోతే సెఫలోహెమటోమా. ఎక్కువగా ఇది కుడివైపు పలక మీద వస్తుంది. రెండువైపులా ఉన్న పిల్లల్లో కూడా మధ్యలో ఆ గీత లోయలా విడిగా తెలుస్తుంది.

వందమంది పిల్లల్లో సుమారు ఒకరిద్దరికి ఇది వస్తుంది. వాక్యూమ్, ఫోర్‌సెప్స్ (బిడ్డ తలను పట్టి తీసే పట్టకారు) వాడిన కాన్పుల్లో ఎక్కువ, తొలి కాన్పుల్లో ఎక్కువ, బిడ్డ తల పెద్దదైతే ఎక్కువ. ఏ పరికరమూ వాడని మామూలు కాన్పులోనూ వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదానికీ, పడుకున్న తీరుకూ, గ్రహణం రోజు బయట తిరిగినందుకూ దీంతో ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ఎవరు ఆ మాట అన్నా మనసుకు పట్టించుకోకండి.

ఇప్పుడు గట్టి అంచు సంగతి. రక్తం చేరి లేచిన ఆ పొరకు ఎముకను తయారుచేసే గుణం ఉంది. అది పైకి లేచినా తన పని మానదు. పొర ఎముకతో కలిసే చోట, అంటే గడ్డ చుట్టూ అంచున, రెండో మూడో వారానికి సున్నం చేరి కొత్త ఎముక పడడం మొదలవుతుంది. మధ్యలో రక్తం మాత్రం పల్చగా ఉంటుంది. వేలితో తడిమితే ముందు గట్టి గట్టు తగులుతుంది, దాటగానే వేలు మెత్తటి రక్తంలోకి దిగుతుంది. అంచున్న పళ్ళెంలో వేలు పెట్టినట్టు. దాంతో ఎముక లోపలికి పోయిందని అనిపిస్తుంది. నిజానికి మధ్యలో అడుగున ఉన్న ఎముక పక్కన ఉన్న ఎముకతో సమానమైన ఎత్తులోనే ఉంటుంది, గట్టు మాత్రమే పైకి లేచింది. చెయ్యి తిరిగిన డాక్టరు తడిమి ఈ తేడా చెప్పగలరు. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్‌లో తేలిపోతుంది. దానికి మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు.

ఈ గడ్డ ఉన్న పిల్లల్లో కొందరికి అడుగున ఎముకలో వెంట్రుకంత సన్నటి చీలిక ఉంటుంది. మీరు అడిగిన "ఎముక విరిగిందా" అన్నదానికి ఇది కూడా చెప్పాలి. ఆ చీలిక గీతలా ఉండి ఎముక కదలకుండా ఉంటే దానికి కట్టూ మందూ ఏమీ అక్కర్లేదు, దానంతటదే అతుక్కుంటుంది. అందుకే గడ్డ ఉన్న ప్రతి బిడ్డకూ ఎక్స్‌రే తీయరు. కాన్పు మరీ కష్టమైనా, గడ్డ చాలా పెద్దదైనా, ఎముక నిజంగా లోపలికి దిగినట్టు డాక్టరుకు తగిలినా, ఫిట్స్ వంటివి వచ్చినా అప్పుడు పరీక్షలు అవసరమవుతాయి. "ఎందుకైనా మంచిది" అని సీటీ స్కాన్ చేయించకండి. ఇంత చిన్న తలకు ఆ రేడియేషన్ ఊరికే ఇవ్వవలసింది కాదు.

ఎన్నాళ్ళు పడుతుంది? మొదటి వారం గడ్డ బిగుతుగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో మధ్యభాగం వదులై, అంచు గట్టిపడుతుంది. ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు ఎక్కువమందికి పూర్తిగా పోతుంది. కొద్దిమందికి పైకప్పు మొత్తం గట్టిపడి, ఎముక బుడిపెలా మిగులుతుంది. మధ్యలో ఒక దశలో నొక్కితే గుడ్డుపెంకు చిట్లినట్టు సన్నగా పటపటమనిపించవచ్చు. ఆ చప్పుడు వినాలని పదే పదే నొక్కకండి. అలా గట్టిపడ్డవి కూడా తల పెరిగేకొద్దీ చుట్టుపక్కల ఎముకలో కలిసిపోయి నెలల తరబడి చదునవుతాయి. ఆరు నెలలు దాటినా పెద్ద బుడిపె అలాగే ఉండి తల ఆకారం మరీ తేడాగా ఉన్న ఏ కొద్దిమందికో పిల్లల న్యూరోసర్జన్ సలహా కావలసి వస్తుంది. 19వ రోజున మీరు ఆ ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

సూదితో లాగించడం మీద గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది వినడానికి చాలా సబబుగా ఉంటుంది: లోపల రక్తం ఉంది, తీసేస్తే పోతుంది కదా అని. మూసుకుని ఉన్న ఆ గూట్లో ఇప్పుడు ఒక్క సూక్ష్మజీవి కూడా లేదు. చర్మం మీద మాత్రం ఎన్నో ఉంటాయి. సూది లోపలికి పోయేటప్పుడు వాటిని మోసుకుపోతుంది. సూక్ష్మజీవులు పెరగడానికి నిలవున్న రక్తం కంటే అనువైన చోటు లేదు. చీము పట్టిందంటే అడుగున ఉన్నది పుర్రె ఎముక, దాని కింద మెదడు పొరలు. ఎముక కుళ్ళడం, మెదడువాపు, రక్తంలో ఇన్ఫెక్షన్ దాకా పోతుంది. రెండో సంగతి, గడ్డలో నిండిన రక్తం ఒత్తిడే తెగిన నాళాలను అదిమిపట్టి రక్తం ఆపింది. దాన్ని ఖాళీ చేస్తే మళ్ళీ ఊరవచ్చు. మూడోది, మొదటి రోజుల్లో రక్తం గడ్డకట్టి ఉంటుంది, సూదిలోకి రాదు కూడా. గడ్డలో ఇన్ఫెక్షన్ వచ్చిందని గట్టి అనుమానం ఉన్నప్పుడు, ఏ క్రిమో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో శుభ్రమైన పద్ధతిలో తీస్తారు. అది తప్ప సూది ప్రసక్తే లేదు. ఎవరైనా క్లినిక్‌లో "ఐదు నిమిషాల పని" అంటే బిడ్డను తీసుకుని వచ్చేయండి.

అమ్మమ్మగారితో ఏం చెప్పాలి? ఆమె ప్రేమతోనే అంటున్నారు. తల గుండ్రంగా రావాలని నుదురూ పెడతలా అరచేతులతో అదిమి రూపం దిద్దడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే. మామూలు తలకే అది అక్కర్లేదు. కాన్పులో సాగిన తల వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు చూసే నొక్కడం వల్ల గుండ్రమైందని అనుకుంటారు. రక్తపు గడ్డ ఉన్న తల మీద నొక్కితే పొర ఇంకాస్త లేచి కొత్తగా రక్తం ఊరవచ్చు. అడుగున సన్న చీలిక ఉంటే నొప్పి పుడుతుంది. ఆముదం వల్ల కరగడం ఉండదు. చర్మం మీద రాసిన నూనె ఎముక పొర కిందికి చేరదు. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయడం ఇంకా ప్రమాదం, పసిచర్మాన్ని సున్నం కాల్చేస్తుంది. వేడి గుడ్డతో కాపడం, ఆకు పసరు, చురకలు, ఏవీ వద్దు.

అలాగని ఆవిడ చేతుల్లోంచి బిడ్డను లాగేసుకోనక్కర్లేదు. ఒళ్ళంతా, కాళ్ళూ చేతులూ వీపూ, నూనె రాసి మెల్లగా మర్దన చేయవచ్చు, బిడ్డకు హాయిగానే ఉంటుంది. తలకు నూనె రాయాలనుకుంటే రెండు చుక్కలు అరచేతికి రాసుకుని జుట్టు మీద నిమిరి వదిలేయాలి, గడ్డ ఉన్న చోట వేళ్ళ ఒత్తిడి పడకూడదు. కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోసేటప్పుడు చెంబు ఎత్తు నుంచి ధారగా గడ్డమీద పోయకండి. అరచేతిలోకి తీసుకుని జార్చండి. ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు, ముఖానికి దగ్గరగా సాంబ్రాణి పొగ, ఈ రెండూ ఏ బిడ్డకూ మంచివి కావు.

పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే. తల ఆకారం కోసం ఆవాల దిండు పెట్టకండి, మెడ వంగి ఊపిరికి అడ్డం పడవచ్చు. ఏ దిండూ లేని చదునైన పక్కే మంచిది. గడ్డ కుడివైపు ఉంది కాబట్టి పాప ఎప్పుడూ ఎడమవైపే తల తిప్పి పడుకునే అలవాటు పడితే ఆ వైపు పెడతల చప్పిడిగా తయారవుతుంది. అందుకని పడుకోబెట్టేటప్పుడు తల ఉంచే దిక్కు మారుస్తుండాలి. మన వాళ్ళు ఉత్తరం వద్దంటారు కాబట్టి తూర్పు, పడమరలనే పెట్టుకోండి, రోజు మార్చి రోజు తిప్పండి. మీ గొంతూ కిటికీ వెలుతురూ ఎటు ఉంటే పాప అటు తిరుగుతుంది, దాంతో తల రెండువైపులా మారుతుంది. పాలిచ్చేటప్పుడు అరచెయ్యి భుజాల మీద, మెడ మొదట్లో ఉంచి పట్టుకోండి. తలను వెనకనుంచి నెట్టకూడదు. పాప మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని, రోజుకు రెండు మూడు సార్లు ఒకటి రెండు నిమిషాలు బోర్లా వేయండి. గడ్డకు అది ఏ హానీ చేయదు. టీకాలు వేళకు వేయించండి, ఆరు వారాల టీకాలు దీని వల్ల వాయిదా వేయనక్కర్లేదు.

ఈ గడ్డలో నిజంగా కనిపెట్టి చూడవలసింది కామెర్లు. నిలవున్న రక్తం కరిగేటప్పుడు అందులోని హిమోగ్లోబిన్ విరిగి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం అవుతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నుంచి సుమారు 35 మిల్లీగ్రాముల బిలిరుబిన్ వస్తుంది. గడ్డలో 40 మి.లీ. రక్తం ఉందనుకోండి, అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో 100 మి.లీ.కి 16 గ్రాముల చొప్పున లెక్కేసినా ఆరు గ్రాములు దాటుతుంది. అంటే రెండువందల మిల్లీగ్రాములకు పైగా బిలిరుబిన్ ఆ చిన్న కాలేయం అదనంగా శుభ్రం చేయాలి. మామూలు పిల్లల్లో కామెర్లు మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఎక్కువై, రెండు వారాల్లో పోతాయి. ఈ గడ్డ ఉన్నవాళ్ళలో ఇంకాస్త ఎక్కువగా, ఇంకొన్ని రోజులు ఉండవచ్చు. తల్లి రక్తం ఓ గ్రూపు అయినా నెగటివ్ అయినా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పాలు సరిగా తాగకపోయినా రెండూ కలిసి ప్రమాదం పెరుగుతుంది.

ఇంట్లో చూసే పద్ధతి: పగటి వెలుతురులో, ట్యూబ్‌లైట్ కింద కాదు, నుదుటి మీద, ఛాతీ మీద, మోకాలి కింద, అరికాలి మీద వేలితో ఒక్క క్షణం నొక్కి వదలండి. తెల్లబడ్డ చోట పసుపు కనబడుతుందా చూడండి. కళ్ళ తెల్లగుడ్డు, చిగుళ్ళు కూడా చూడండి, చామనఛాయ బిడ్డల్లో ఇవే బాగా తెలుస్తాయి. పసుపు ముఖం నుంచి కిందికి దిగుతుంది. మోకాళ్ళ కిందికో అరికాళ్ళకో దిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి బిలిరుబిన్ పరీక్ష చేయించాలి. బిడ్డ మగతగా ఉండి పాలకు లేవకపోయినా, సన్నటి గొంతుతో కీచుమని ఏడ్చినా, వెనక్కి విల్లులా వంగినా రాత్రీ పగలూ చూడకుండా వెళ్ళాలి. పొద్దుటి ఎండలో పెట్టడం కామెర్లకు వైద్యం కాదు, ఆసుపత్రిలో పెట్టే నీలి లైటుకు అది సాటి రాదు. చెట్టుమందు పసర్లు పొయ్యకండి. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలుంటే వేయండి.

మీ పాపకు 19 రోజులు. కాబట్టి ఇప్పటికీ కళ్ళలో పసుపు మిగిలి ఉంటే, గడ్డ వల్లే అని అనుకుని ఊరుకోకండి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు 14 రోజులు దాటి కామెర్లు ఉంటే మొత్తం బిలిరుబిన్‌తో పాటు డైరెక్ట్ బిలిరుబిన్ కూడా చూడాలి. ఒకసారి డైపర్ తీసి మలం రంగు చూడండి. ఆవపిండి పసుపో, ఆకుపచ్చో అయితే సరే. సుద్దలా తెల్లగానో పాలిపోయిన బూడిద రంగులోనో ఉంటే, మూత్రం గుడ్డకు పసుపు మరక చేస్తుంటే, అది పిత్తనాళాలు మూసుకుపోయిన జబ్బు కావచ్చు. దానికి ఆపరేషన్ రెండు నెలల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది, అందుకే ఆలస్యం పనికిరాదు. తలమీద గడ్డ ఉందన్న కారణంతో ఈ జబ్బు కామెర్లను కూడా గడ్డ ఖాతాలో వేసేసి కాలం పోగొట్టుకోవడం జరుగుతుంది. ఇది చెప్పకుండా నేను ఈ జవాబు ముగించలేను.

రక్తహీనత కామెర్లంత తరచు కాదు. గడ్డ పెద్దదైతే పెదవులూ అరచేతులూ పాలిపోతాయి, పాలు తాగుతూ త్వరగా అలిసిపోతుంది, చెమటలు పడతాయి. అలా ఉంటే హిమోగ్లోబిన్ చూడాలి. బాగున్న బిడ్డ లెక్క ఇలా ఉంటుంది: రోజుకు ఆరు సార్లు పైగా మూత్రం, రోజుకు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరుగుదల, పాలకు తానే లేవడం. ఇవి సరిగా ఉంటే గడ్డ ఎంత ఉన్నా సగం పరీక్ష పాసైనట్టే.

ఇన్ఫెక్షన్ గుర్తులు వేరు. తగ్గుతున్న గడ్డ హఠాత్తుగా పెరగడం, పైన చర్మం ఎర్రబడి వేడెక్కడం, ముట్టుకుంటే బిడ్డ ఉలిక్కిపడి ఏడవడం, చీము కారడం. వీటితో జ్వరం ఉండవచ్చు, ఒక్కోసారి బిడ్డ చల్లబడిపోవచ్చు కూడా. రెండు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, చేరిన ఏ జ్వరానికైనా ఇంట్లో పారాసిటమాల్ వేసి చూడడం తప్పు. నేరుగా ఆసుపత్రే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం, ఎస్‌ఎన్‌సీయూ అనేది, ఉంటుంది. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త 21, 28, 42వ రోజుల్లో కూడా రావాలి. ఆమె చేత బరువు తూయించి, కామెర్లు చూడమని అడగండి.

గడ్డ తగ్గుతోందా లేదా అన్న బెంగకు ఒక మంచి ఉపాయం ఉంది. రోజూ తడమడం మానేసి, వారానికొకసారి, ఒకే చోట ఒకే వెలుతురులో, పైనుంచి ఒకటి వెనకనుంచి ఒకటి ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. తల చుట్టుకొలత కనుబొమ్మల పైనుంచి, చెవుల పైగా, పెడతలలో బాగా ముందుకొచ్చిన చోటు మీదుగా టేపు చుట్టి చూస్తారు. పుట్టినప్పుడు 33 నుంచి 35 సెం.మీ. ఉండి, తొలి మూడు నెలలు నెలకు సుమారు 2 సెం.మీ. పెరుగుతుంది. టేపు గడ్డ మీదుగా పోతే కొలత ఎక్కువ వస్తుంది, గడ్డ తగ్గేటప్పుడు పెరగనట్టు కనబడుతుంది. కంగారు పడకుండా కార్డులో "గడ్డ మీదుగా" అని రాయించండి.

గడ్డలన్నీ ఒకటి కావు, మీ పాపది కాకపోయినా ఈ తేడాలు తెలిసి ఉండాలి. పుట్టగానే కనబడి, నొక్కితే చపాతీ పిండిలో వేలిగుర్తు పడినట్టు సొట్ట పడి, మధ్యగీత దాటి అటూ ఇటూ పరుచుకున్నది నీటి వాపు. దాన్ని కాపుట్ అంటారు, రెండు మూడు రోజుల్లో పోతుంది. వాక్యూమ్ కప్పు అచ్చు గుండ్రంగా లేచిన వాపు కూడా ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది.

భయపడవలసింది మూడోదానికి. టోపీ లాంటి గట్టి పొర కింద, ఎముక పొరకు పైన, రక్తం కారితే దాన్ని ఆపే అతుకులు అక్కడ లేవు. కనుబొమ్మల నుంచి మెడ దాకా పాకుతుంది. సబ్‌గేలియల్ రక్తస్రావం దీని పేరు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేదే పావు లీటరు రక్తం, అంతా పట్టేంత చోటు ఆ పొర కింద ఉంది. వాక్యూమ్ కాన్పు తర్వాత మొదటి మూడు రోజుల్లో తల మొత్తం బురదలా మెత్తగా ఊగుతూ ఉబ్బడం, చెవులు ముందుకు నెట్టుకురావడం, మెడ వెనక వాపు దిగడం, బిడ్డ పాలిపోయి గుండె వేగంగా కొట్టుకోవడం, ఇవి కనబడితే ఒక్క నిమిషం ఆగకూడదు. అందుకే వాక్యూమ్‌తో పుట్టిన బిడ్డను తొలి రోజంతా టోపీ తీసి తల చూస్తుండాలి. 19వ రోజుకు మీరు ఈ గండం దాటేశారు.

ఇంకొన్ని గడ్డలు. చెవి వెనకా మెడ మొదట్లోనూ బఠానీ గింజంత, వేలికి జారే బిళ్ళలు లింఫు గ్రంథులు, తలమీద పొక్కులుంటే ఉబ్బుతాయి, చిన్నవిగా ఉన్నంతకాలం హాని లేదు. కనుబొమ్మ చివరో మాడు దగ్గర మధ్యగీత మీదో కదలని గుండ్రటి గట్టి గడ్డ నెమ్మదిగా పెరుగుతుంటే డెర్మాయిడ్, అంటే పుట్టుకతోనే చర్మం కింద ఏర్పడే సంచిలాంటి గడ్డ, కావచ్చు. మధ్యగీత మీదున్నదాన్ని స్కాన్ చూడకుండా కొయ్యకూడదు, పుర్రె లోపలికి దారి ఉండవచ్చు. బిడ్డ ఏడ్చినప్పుడు మాడు ఉబ్బి, నిద్రలో సమంగా ఉంటే మామూలే. నిటారుగా ఎత్తుకుని ఊరుకున్నాక కూడా బిగుతుగా ఉబ్బి ఉంటే, జ్వరమో వాంతులో ఉంటే మెదడువాపు చూడాలి. లోపలికి పీక్కుపోతే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు.

ఈ గడ్డ పోయాక, నాలుగైదు నెలలకు, దొర్లడం వచ్చిన పాప మంచం మీదనుంచి పడి బొప్పి కట్టించుకునే రోజు వస్తుంది. అప్పుడు నుదుటి బొప్పి చాలావరకు పెద్దది కాదు. చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు ఆనించాలి, ఐసు నేరుగా కాదు, రుద్దకూడదు. బొప్పి నుదుటిన కాక చెవి పైనో, పెడతలలోనో మెత్తగా ఉంటే, మూడు అడుగుల కంటే ఎత్తు నుంచి పడితే, ఐదు సెకన్లయినా స్పృహ తప్పితే, "మా పాపలా లేదు" అని మీకే అనిపిస్తే డాక్టరుకు చూపించాలి. మూడు నెలల లోపు బిడ్డ అయితే ఏ దెబ్బకైనా చూపించాలి. పదే పదే వాంతులు, ఫిట్స్, లేపితే లేవని మత్తు, ముక్కులో చెవుల్లో నీరో రక్తమో, రెండు కంటిపాపలు సమానంగా లేకపోవడం, వీటికి 108. పడ్డాక నిద్రపోనివ్వకూడదన్న మాటలో నిజం లేదు. పడుకునే వేళకు పడుకోనిచ్చి, తొలి ఐదారు గంటలు మధ్యమధ్య లేపి, కళ్ళు తెరిచి పాలు పడుతోందా చూస్తే చాలు. ఇప్పుడు గడ్డ ఉన్న చోటే దెబ్బ తగిలితే మాత్రం అదే రోజు చూపించండి.

ఈ వారం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు డిశ్చార్జి కాగితం పట్టుకెళ్ళండి. అందులో పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ 1 మి.గ్రా. ఇచ్చినట్టు రాసి ఉందో లేదో అడగండి. ఇవ్వకపోతే ఈ వయసులోనూ హఠాత్తుగా రక్తస్రావం కావచ్చు, ఇప్పుడైనా వేయించాలి. బొడ్డు నుంచి రక్తం ఊరుతున్నా, మలంలో రక్తం కనబడినా, సూది గుచ్చిన చోట ఎంతసేపటికీ ఆగకపోయినా, ఇంట్లో మేనమామలకో తాతలకో రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నా అది కూడా చెప్పండి. అప్పుడు రక్తం గడ్డకట్టే పరీక్షలు చేస్తారు.